నా కొలతలకు కుట్టిన కోటు

నలభైకి దగ్గర పడుతుండగా నేను మొదటిసారి సూటు కుట్టించుకున్నాను. అల్లూరు వైపు ఆడవాళ్ళు సూటు వేసుకోవడం నేనైతే అంతకు ముందు చూడలేదు. మగవాళ్ళయినా మా చర్చి పెళ్ళిళ్ళలో ఒక్కసారి వేసుకుంటారు, అంతే. పెళ్ళికొడుకు కోటు తొడుక్కుని, చెమటలు కక్కుతూ ఫోటోలు అయ్యేదాకా ఓర్చుకుని, ఆ సాయంత్రానికే దాన్ని బీరువాలో పెట్టేస్తాడు. మా ఆయన కోటూ అలాంటిదే. మా పెళ్ళి సరిగ్గా వరి కోతల మీద పడింది. కొలతలు ఇవ్వడానికి నెల్లూరు పోయే తీరిక లేక వాళ్ళ అన్న చొక్కా ఒకటి పంపించారట. ఆ చొక్కా కొలతలకు కుట్టిన కోటులో, మా పెళ్ళి ఫోటోల నిండా, ఆయనవి వేళ్ళ కొసలు మాత్రమే కనబడతాయి. అందుకని మా ఇంట్లో కోటు అంటే ఎవరికీ పెద్ద గౌరవం లేదు, నవ్వుకోవడానికి ఒక సంగతి, అంతే.

నా పని రొయ్యలతో. చదువు అయిన కొత్తలో ఒక ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ ల్యాబు మొత్తాన్ని నేనే చూసుకుంటాను. రైతులు గుంటల నుంచి నీళ్ళూ రొయ్యలూ తెస్తారు. వాటికి జబ్బు ఉందా లేదా, వాడకూడని మందుల జాడ ఏమైనా ఉందా అని పరీక్ష చేసి, రిపోర్టు మీద సంతకం పెట్టేది నేను. వారంలో సగం రోజులు గుంటల గట్ల మీదే గడుస్తాయి. అక్కడ నా వేషం పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, మోకాళ్ళ దాకా గంబూట్లు, తలకు టోపీ. శాంపిళ్ళు పెట్టే ఐసు పెట్టె ఎప్పుడూ కుడి భుజానికే తగిలించుకుంటాను కాబట్టి ఆ భుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంటుంది. అద్దంలో చూస్తే తప్ప తెలియదు.

ఒకరోజు మా యజమాని ల్యాబుకు వచ్చి, విదేశాల నుంచి రొయ్యలు కొనేవాళ్ళు చెన్నైలో ఒక పెద్ద హోటల్లో సమావేశం పెట్టుకుంటున్నారనీ, మన ప్రాంతం తరఫున అక్కడ మాట్లాడాలనీ చెప్పారు. అలాంటి చోట్లకు ఎప్పుడూ ఆయనే వెళ్ళేవారు. ఈసారి మాత్రం వాళ్ళు, రిపోర్టుల మీద సంతకం పెట్టే మనిషినే పంపించమని అడిగారట. "వాళ్ళు అడిగేదానికి నా దగ్గర జవాబులు ఉండవు తల్లీ, నువ్వే పోవాల," అన్నారు. ఆ మాటకు నాకు భయం వేయలేదు. ఆ జవాబులు నా దగ్గర ఉన్నాయని నాకు తెలుసు. నాకు వెంటనే వచ్చిన ఆలోచన, ఏం కట్టుకుని పోవాలా అని.

నవ్వుకోవచ్చు. కానీ ఆ ఆలోచనకు ఒక కారణం ఉంది. అంతకు ముందు ఏడాది విజయవాడలో ఒక సదస్సులో మాట్లాడటానికి వెళ్ళాను. మా అమ్మ పెట్టిన పట్టుచీర కట్టుకున్నాను, తలలో పూలు పెట్టుకున్నాను. చూడటానికి బాగానే ఉన్నాను. హాలులోకి అడుగు పెట్టగానే నిర్వాహకుల్లో ఒకాయన హడావిడిగా వచ్చి, పూలగుత్తులు పెట్టిన పళ్ళెం ఒకటి నా చేతిలో పెట్టి, "అమ్మా, మీరు ఇటు పక్కన నిలబడండి, పిలిచినప్పుడు ఒక్కొక్కరికీ ఇవ్వండి," అని చెప్పి వెళ్ళిపోయారు. ఆయనకు చెప్పే సందు దొరకలేదు. వేదిక మీదికి పిలిచిన పెద్దలందరికీ వరసగా పూలగుత్తులు ఇచ్చాను. చివరికి నా పేరు పిలిచారు. పళ్ళెం పక్కన పెట్టి నేనే పైకెక్కాను. నాకు ఇవ్వడానికి పూలగుత్తి మిగల్లేదు, ఇచ్చేవాళ్ళూ లేరు. మైకు తగిలించే కుర్రవాడు దాని పెట్టె ఎక్కడ తగిలించాలో తెలియక ఇబ్బంది పడితే, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తెర మీద లెక్కలు చూపిస్తూ మాట్లాడాను. బాగా మాట్లాడానని అందరూ అన్నారు కూడా.

ఇందులో చీర తప్పేమీ లేదు. మా అమ్మ చీరను మోకాళ్ళ పైకి ఎగదోపి నాట్లు వేసేది, గట్టు మీదికి వచ్చి అదే చీరతో ఊరిపెద్దలతో నీటి వంతు గురించి తగాదా పడేది. చీర ఆవిడను ఎక్కడా ఆపలేదు. కానీ పళ్ళెం చేతిలో పెట్టిన ఆ మనిషి నా పక్కనే కోటు వేసుకుని నిలబడ్డ, నాకంటే చాలా చిన్నవాడైన, నా ల్యాబులోనే పనిచేసే అబ్బాయిని మాత్రం "సార్, మీరు ముందు వరసలో కూర్చోండి," అన్నాడు. ఆ సంగతి నేను మర్చిపోలేదు. చెన్నైకి వెళ్ళేటప్పుడు గుమ్మంలోనే నేనెవరో తెలిసిపోవాలి అనుకున్నాను. గుంటల దగ్గర రోజూ ప్యాంటే వేసుకుంటాను, దాని మీదికి మంచి కోటు ఒకటి ఉంటే చాలు అనిపించింది.

ఇంట్లో చెప్పాను. మా ఆయన అన్నం కలుపుతూ కాసేపు ఆలోచించి, "కొలతలు మాత్రం నీయే ఇయ్యి," అన్నారు. మా అత్త మాత్రం కంచం పక్కకు జరిపింది. ఆవిడ మా చర్చి సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద. నలుగురి నోట పడకుండా బతకాలనేది ఆవిడ పద్ధతి. పాస్టరమ్మ కూడా వేసుకోని బట్టలు మన ఇంట్లో ఏంది అని అడిగింది. నేను విజయవాడ సంగతి చెప్పాను. ఆవిడకు ఆ పూలగుత్తుల కథ అప్పటిదాకా తెలియదు. విన్నాక కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తరవాత ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఆ కోటు ఎనక కప్పుద్దా?"

కప్పేటట్టే కుట్టిస్తానని చెప్పాను. ఇంక ఆ మాట ఎత్తలేదు.

మొదట రెడీమేడు చూద్దామని నెల్లూరులో పెద్ద పెద్ద బట్టల షాపులు తిరిగాను. ఆఫీసు బట్టలు అడిగితే ఒక అమ్మాయి కుర్తాలు, వాటి మీద వేసుకునే చేతుల్లేని కోట్లు తీసి పరిచింది. ఇంకో షాపులో మూల ఒక కడ్డీకి ఆడవాళ్ళ కోట్లు కొన్ని వేలాడుతున్నాయి. ఒకటి వేసుకుంటే భుజాలు పట్టాయి గానీ గుండీ పడలేదు. దానికంటే పెద్దది వేసుకుంటే గుండీ పడింది, భుజాలు చంకల దాకా జారాయి. చేతులు ఒకదానిలో ముంజేతి దగ్గరే ఆగిపోయాయి. "ఫ్రీ సైజు మేడం, అందరికీ సరిపోద్ది," అంది ఆ అమ్మాయి. అందరిలో నేను లేనని చెప్పి బయటికి వచ్చాను.

ట్రంకు రోడ్డు పక్క సందులో పెళ్ళి సూట్లు కుట్టే షాపు ఒకటి ఉందని మా సంఘంలో అందరికీ తెలుసు. అద్దాల వెనక పెళ్ళికొడుకుల ఫోటోలు, లోపల పొడుగు బల్ల, బల్ల వెనక అరవైకి దగ్గర పడ్డ మాస్టరు. మెడలో టేపు వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మర్యాదగా లేచాడు.

"ఎవురికమ్మా, పెళ్ళికొడుకు రాలేదా?"

"పెళ్ళికొడుకు లేడు మాస్టరు గారూ. సూటు నాకే."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఆడవాళ్ళకు తాను కుట్టననీ, ఎప్పుడూ కుట్టలేదనీ, కుట్టి చెడగొట్టి పేరు పోగొట్టుకునే వయసు కాదనీ నెమ్మదిగా చెప్పాడు. "మద్రాసు పొండమ్మా, అక్కడ కుడతారు," అన్నాడు.

"మద్రాసులో వేసుకోడానికే నెల్లూర్లో కుట్టించుకుందామని వచ్చినా."

ఆ మాట ఆయనకు నచ్చినట్టుంది. కూర్చోమన్నాడు. మీకు అసలు ఇబ్బంది ఎక్కడ అని అడిగాను. బట్ట కోయడమా, కుట్టడమా అన్నాను. అదేమీ కాదు, ఆడమనిషికి టేపు పెట్టి కొలతలు తీయడం తనవల్ల కాదన్నాడు. అంతలో షాపు వెనక తెర తొలగించుకుని ఒకామె వచ్చింది. ఆయన భార్య. వెనక గదిలో ఆమె జాకెట్లు కుడుతుందని, అక్కడ ఆమెకు వేరే గిరాకీ ఉందని అప్పుడు తెలిసింది. ఇంతసేపూ మా మాటలు వింటూనే ఉన్నట్టుంది.

"టేపు నేను పెడతా, నువ్వు చెప్పు ఏడ పెట్టాల్నో," అంది మొగుడితో. "రోజూ కొలిచేది నేనే గదా."

అలా మొదలైంది. ఆయన బల్ల అవతల నిలబడి భుజం నుంచి భుజానికి, మెడ దగ్గర నుంచి నడుము కిందికి, అని చెబుతుంటే ఆమె టేపు పెట్టి గట్టిగా అంకె చదివేది. ఆయన రాసుకునేవాడు. ఒక్కోచోట ఆమె టేపు ఇంకోరకంగా పెట్టేది. అట్ట కాదు అనేవాడు ఆయన. ఇట్టనే అనేది ఆమె. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గిందో నాకు తెలియకుండానే కొలతలు అయిపోయాయి.

బట్ట నేనే ఎంచుకున్నాను. ముదురు నీలం, నీడలో చూస్తే నలుపనిపిస్తుంది. మాస్టరు గోధుమ రంగు చూపించాడు, బూడిద రంగు చూపించాడు. నేను నీలం మీద నుంచి చేయి తీయలేదు. జేబుల సంగతి వచ్చేసరికి మళ్ళీ ఆగాడు. ఆడవాళ్ళు బ్యాగు పెట్టుకుంటారు గనక పైకి జేబు ఉన్నట్టు ఒక పట్టీ కుట్టి వదిలేద్దామన్నాడు. నాకు పెన్ను పెట్టుకోవాలి, ఫోను పెట్టుకోవాలి, కళ్ళజోడు పెట్టుకోవాలి. మగవాళ్ళ కోటుకు ఎన్ని జేబులు పెడతారో అన్నీ పెట్టమన్నాను, లోపలి జేబుతో సహా. భార్య తెర వెనక నవ్వింది.

మొదటి ట్రయలు రోజు నేను ఉత్సాహంగా పోయాను. కచ్చాకుట్టుతో నిలబెట్టిన కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. చూసుకోగానే పెళ్ళి ఫోటోలోని మా ఆయన గుర్తొచ్చారు. మెడ నుంచి కిందిదాకా పలకలాగా నిటారుగా దిగింది. నడుము ఎక్కడుందో తెలియదు. భుజాల కొసల్లో గాలి. చేయి పైకెత్తితే కోటు మొత్తం చెవుల దాకా లేచింది.

"బాగుండాదమ్మా," అన్నాడు మాస్టరు. "ఆడోళ్ళకు ఒంటిని పట్టకుండా వదులుగా ఉంటేనే మర్యాద."

"చెప్తే ఇన్లా," అంది ఆయన భార్య తెర దగ్గర నుంచి. "ముందర టక్కులు వెయ్యమంటే, కోటుకు టక్కులేంది అన్నాడు."

అక్కడ నేను సరేలే అని ఉంటే సరిపోయేది. చాలా విషయాల్లో అలాగే సరేలే అంటూ వచ్చాను. జాకెట్టు చేయి కాస్త బిగిసినా, చెప్పు కాస్త కరిచినా, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందని మా అమ్మ చెప్పేది, నేనూ అలాగే సర్దుకునేదాన్ని. ఆ రోజు మాత్రం సర్దుకోబుద్ధి కాలేదు. కోపం రాలేదు. రిపోర్టులో ఒక అంకె తేడాగా కనబడినప్పుడు పరీక్ష మళ్ళీ చేయమని ఎలా చెబుతానో అలాగే చెప్పాను.

"మాస్టరు గారూ, పెళ్ళికొడుక్కి కోటు ఇట్ట వేలాడతా ఉంటే మీరు షాపు దాటనిస్తారా?"

"ఎందుకు దాటనిస్తాను?"

"నన్నూ దాటనియ్యబాకండి."

ఆయన నా వైపు చూశాడు, తరవాత కోటు వైపు చూశాడు. చేతిలోకి సుద్ద తీసుకున్నాడు. అక్కడ ఏం చేస్తారమ్మా మీరు, నిలబడతారా, కూర్చుంటారా అని అడిగాడు. నిలబడి మాట్లాడతాను, తెర మీద చేయెత్తి చూపిస్తాను, ఒక్కోసారి ఈ పక్క నుంచి ఆ పక్కకు నడుస్తాను అని చెప్పాను. చేసి చూపించమన్నాడు. గోడ మీద ఉన్న క్యాలెండరు తెర అనుకుని చేయెత్తి, వనామీ రొయ్య పెరుగుదల గురించి నాలుగు ముక్కలు చెప్పాను. ఆయన వెనక నిలబడి, మళ్ళీ ఎత్తండి, మళ్ళీ ఎత్తండి అంటూ చంక దగ్గరా వీపు మీదా గీతలు గీశాడు. ఆయన భార్య ముందు నిలబడి గుండుసూదులు గుచ్చింది. ఆయన వీపు దగ్గర బిగించిన చోట ఆమె ముందు వదులు చేస్తుంది, ఆమె బిగించిన చోట ఆయన వద్దంటాడు. ఇద్దరి మధ్యా నేను కొయ్యబొమ్మలాగా నిలబడి ఉన్నాను. అయినా నాకు విసుగు రాలేదు. నా ఒంటి గురించి ఇద్దరు మనుషులు అంత శ్రద్ధగా పోట్లాడుకోవడం అదే మొదటిసారి.

కుడి భుజం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగి, ఇక్కడ కాస్త పల్లంగా ఉంది, లోపల దూది పెట్టి రెండూ సమానం చేస్తానన్నాడు. నేను ఐసు పెట్టె సంగతి చెప్పాను. వద్దు, భుజం ఎలా ఉందో అలాగే కుట్టండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చూసేవాళ్ళకు కోటు వంకరగా కనబడుతుందని వాదించాడు. ఈ ఒక్క విషయంలో ఆయన చెప్పిందే సరైనదని ఆయన భార్య కూడా అంది. పల్చటి పొర ఒకటి పెట్టడానికి ఒప్పుకున్నాను. తరవాత చూసుకుంటే వాళ్ళు చెప్పిందే నిజం.

కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టారు. రెండో ట్రయలు రోజు కోటు తొడుక్కుని గుండీ పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా జారలేదు. చేయెత్తాను. కోటు ఉన్నచోటే ఉంది. జేబుల్లో చేతులు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. అద్దంలో నిలబడ్డ మనిషి కొత్తగా ఏమీ లేదు. గట్టు మీద నిలబడి, ఈ గుంటకు ఇప్పుడే మేత ఆపండి అని రైతుకు చెప్పే మనిషే. కాకపోతే శుభ్రంగా ఉంది. మాస్టరు రెండడుగులు వెనక్కి వేసి చూసి, ఫోటో ఒకటి తీసుకోవచ్చా అని అడిగాడు. పెళ్ళికొడుకుల పక్కన పెడతాడట. పెట్టమన్నాను.

ఇంటికి తెచ్చాక మా అత్త వేసుకుని చూపించమంది. వేసుకున్నాను. ఆవిడ నా చుట్టూ తిరిగింది, వెనక వైపు కాసేపు ఎక్కువే నిలబడింది. "కప్పింది," అంది. బట్ట వేళ్ళతో పట్టుకుని చూసింది, లోపలి జేబులో చేయి పెట్టి చూసింది. ఇంత పెద్ద జేబు ఉంటే నాకూ ఒకటి కావాల అంది. ఆవిడ బొడ్డు సంచి ఎప్పుడూ జారిపోతుంటుంది.

అయితే నలుగురి నోట పడకూడదని అంత జాగ్రత్త పడే మనిషి, ఆ ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాల వేళ తనే లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పుల కోసం ఒకరు, కొడుకు పరీక్షల కోసం ఒకరు చెప్పుకున్నాక, మా అత్త గొంతు సవరించుకుంది.

"మా కోడలు మద్రాసులో దొరలతో మాట్లాడబోతా ఉండాది. దాని కోటు కోసం, అదే, దాని పని కోసం ప్రార్థన చెయ్యండి."

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. పాస్టరు గారు నవ్వు ఆపుకుని, కోటును కూడా చేర్చి ప్రార్థన చేశారు. బయటికి వచ్చాక ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి, ఏం కోటు, ఏం రంగు అని అడిగారు. ఎగతాళి చేసినవాళ్ళూ ఒకరిద్దరు లేకపోలేదు. మా అత్త వాళ్ళకు ఏం జవాబు చెప్పిందో గానీ, మళ్ళీ ఆ మాట నా దాకా రాలేదు.

చెన్నైకి ఉదయం రైలులో పోయాను. కోటు సంచిలో వేసి, ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. హోటల్లో దిగి, ముఖం కడుక్కుని, తొడుక్కున్నాను. హాలు గుమ్మంలో ఉన్న అమ్మాయి నన్ను చూసి, మీరు వక్తల్లో ఒకరా అని అడిగి, ముందు వరసలో కుర్చీ చూపించింది. కోటు లేకపోయినా అక్కడ అలాగే అడిగి ఉండేదేమో. చెప్పలేను. మైకు కాలరుకు తగిలించారు, దాని పెట్టె ప్యాంటుకు వెనక తగిలించారు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

మొదటి నిమిషం కాగితం చూస్తూ మాట్లాడాను. తరవాత తెర మీద మా గుంటల బొమ్మ రాగానే అంతా మామూలైపోయింది. సీడు, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలు, ఎక్కడి నుంచి వస్తుంది, నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేస్తాం, రొయ్యకు జబ్బు వస్తే మందు చల్లకుండా ఏం చేస్తాం, ఇవన్నీ రోజూ రైతులకు చెప్పేవే. ఇంగ్లీషులో చెప్పడం ఒక్కటే తేడా. చెప్పడం అయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. యూరపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తెల్ల జుట్టు, సన్నటి మనిషి, లేచి నిలబడి సూటిగా అడిగాడు. రొయ్యలు అమ్మేది మీ వైపు వాళ్ళే, పరీక్ష చేసేదీ మీరే, మంచి రొయ్యలు ఏరి పరీక్షకు పంపడం లేదని నేనెలా నమ్మాలి?

వినడానికని వచ్చిన మా యజమాని రెండో వరసలో ఉన్నారు, ఆయన ముఖం మాడింది. నాకు మాత్రం ఆ ప్రశ్న మీద గౌరవం కలిగింది. నేను ఆయన చోట ఉంటే అదే అడిగేదాన్ని. నా మాట మీద నమ్మమని నేను అడగడం లేదని చెప్పాను. ఏ గుంట చూడాలో మీరే చెప్పండి, ఎప్పుడు వస్తారో ముందుగా చెప్పనక్కర్లేదు, వల వేయించేది నేను, ఏ మూల వేయాలో చెప్పేది మీరు, ఆ రొయ్యను నా ల్యాబులోనూ పరీక్ష చేద్దాం, మీకు నచ్చిన ఇంకో ల్యాబులోనూ చేయిద్దాం, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. మా దగ్గరికి వచ్చే రొయ్యలన్నీ బాగుంటాయని నేను ఎప్పుడూ అనలేదు, బాగాలేనివాటి రిపోర్టుల మీద కూడా ఇదే సంతకం ఉంటుంది, వాటిని కూడా చూపిస్తాను అన్నాను. పెద్దాయన తల ఊపి కూర్చున్నాడు. టీ వేళ దగ్గరికి వచ్చి, ఏ స్టేషనులో దిగాలో అడిగాడు.

అన్నట్టే వచ్చాడు. ముందుగా చెప్పకుండానే వచ్చాడు, ఒక మధ్యాహ్నం మా ల్యాబు ముందు కారు ఆగింది. నేను అప్పుడే గుంటల నుంచి వచ్చి గంబూట్లు కడుక్కుంటున్నాను. ఆ వేషంలోనే మళ్ళీ ఆయనను వెంటబెట్టుకుని పోయాను. ఆయన చూపించిన మూలనే వల వేయించాను. గట్టు బురదలో ఆయన ఖరీదైన బూటు ఒకటి దిగబడితే, గుంట రైతు ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకుని లాగాం. రెండు ల్యాబుల రిపోర్టులూ కలిశాయి. ఆ పంట నుంచి మా వైపు రైతులు కొందరు ఆయన కంపెనీకే రొయ్యలు ఇస్తున్నారు. ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు ప్రశ్నలు పంపిస్తుంటాడు, అన్నీ కష్టమైనవే.

ఈ సంగతంతా రైతుల్లో పాకింది. సమావేశం కంటే కోటు సంగతే ఎక్కువ పాకింది. ఏ గుంట దగ్గరికి పోయినా, "ఏంది మేడం, దొరలకేనా కోటు, మాకు చూపించవా?" అని అడిగేవాళ్ళు. మొదట నవ్వి ఊరుకున్నాను. తరవాత ఆలోచిస్తే వాళ్ళు అడిగిందాంట్లో న్యాయం ఉందనిపించింది. చెన్నైలో మాట్లాడటానికి అంత తయారై పోయినదాన్ని, ఇక్కడ ఎందుకు తయారవకూడదు? వేసవి పంట ముందు మండలంలో రైతుల అవగాహన సదస్సు కల్యాణ మండపంలో పెట్టినప్పుడు సూటు వేసుకుని పోయాను. మండపం నిండిపోయింది. మా అత్త స్త్రీల కూటం నుంచి ఇద్దరిని వెంటేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. వాళ్ళకు రొయ్యల గుంటలు లేవు. మా ఆయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు.

నీటిలో ఉప్పు పెరిగినప్పుడు ఏం చేయాలో చెబుతుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, తెర మీద బొమ్మ పోయింది. అందరూ కండువాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. నేను కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించాను. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, మైకు లేకుండా, వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినబడేట్టు గొంతు పెంచి, ఆపిన చోట నుంచి చెప్పుకుంటూ పోయాను.